మత్స్య పేరుతో గల ప్రదేశాలు, విషయాలు

మత్స్యము అనునది చేపకు సంస్కృతంలో గల పేరు. ఈ పేరు నీటిలోని ప్రాణికి మాత్రమే పరిమితం కాలేదు. ఒక ప్రాచీన జనపదానికి, ఒక ఆంధ్ర రాజవంశానికి, తూర్పు కనుమలలోని ఒక ఏరుకు, ఒక మడుగుకు, విష్ణుమూర్తి అవతారానికి, ఒక పురాణానికి, ఒక యోగాసనానికి, ఒక రాజనీతి న్యాయానికి, స్వతంత్ర భారతంలో పధ్నాలుగు నెలలు మాత్రమే నిలిచిన ఒక సమాఖ్యకు, సముద్రగర్భ పరిశోధన కొరకు మన దేశంలో రూపొందిన ఒక వాహనానికి కూడ ఇదే పేరు కలదు. పేరు ఒక్కటే అయినందున వీటిలో ఒకదానిని మరియొకదానిగా భ్రమించుట తరచు జరుగుచుండును. ముఖ్యంగా విరాటరాజు ఏలిన మత్స్యదేశము, విశాఖ మన్యాన్ని ఆనుకొని పాలించిన ఒడ్డాది మత్స్యవంశము ఒక్కటే అనుకొనువారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఈ పేరు గల ప్రదేశాలను, విషయాలను విడివిడిగా పరిచయం చేయుట, వాటిలో దేనికి చేపతో నిజమైన సంబంధం ఉన్నదో, దేనికి పేరు మాత్రమే ఉన్నదో తెలుపుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పదము, దాని రూపాంతరాలు

సంస్కృతంలో చేపకు మత్స్యము, మీనము, ఝషము, అండజము మొదలగు పర్యాయపదాలు కలవు. "మద్" (సంతోషించుట) అను ధాతువు నుండి మత్స్య శబ్దం ఏర్పడినదని నిఘంటుకారులు చెప్పుదురు. పాళీ భాషలో ఈ పదం "మచ్ఛ" అయినది. హిందీలో "మఛలీ", ఒరియా, బెంగాలీ భాషలలో "మాఛ" అను రూపాలు దీని నుండి వచ్చినవే. ఈ మార్పు తెలిసినచో తూర్పు కనుమలలోని మాచ్‌ఖండ్ అను పేరు మత్స్యకుండమునకు రూపాంతరమని సులభంగా గ్రహించవచ్చును.

తెలుగులో వాడుక మాట "చేప". "మీను" అను మాట తమిళ, కన్నడ, మలయాళ భాషలలో ఇప్పటికీ నిత్యవ్యవహారంలో ఉన్నది. సంస్కృతంలోని మీన శబ్దం ద్రావిడ భాషల నుండి స్వీకరింపబడినదని పలువురు భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. తెలుగువారు కూరకు చేపను కొందురు గాని మత్స్యమును కొనరు. మత్స్యము అను మాట మనకు పురాణాలలోను, ప్రభుత్వ శాఖల పేర్లలోను, మత్స్యకారులు అను వృత్తినామంలోను మాత్రమే వినిపించును. కనుక ఏదైనా ఊరికో, ఏరుకో ఈ పేరు ఉన్నచో దాని వెనుక ఏదో ఒక కథ గాని, నమ్మకం గాని ఉండునని ఊహించవచ్చును.

మత్స్య జనపదము

ప్రాచీన భారతదేశంలోని షోడశ మహాజనపదాలలో మత్స్య ఒకటి. బౌద్ధ గ్రంథమైన అంగుత్తర నికాయంలోని జాబితాలో ఇది "మచ్ఛ" అను రూపంలో కనిపించును. అంతకు ముందే ఋగ్వేదం ఏడవ మండలంలో సుదాసుని యుద్ధ సందర్భంలో మత్స్యుల ప్రస్తావన ఉన్నది. శతపథ బ్రాహ్మణంలో అశ్వమేధం చేసిన రాజుల వరుసలో ధ్వసన్ ద్వైతవనుడు అను మత్స్యరాజు పేర్కొనబడినాడు. కురుక్షేత్రము, మత్స్య, పాంచాల, శూరసేన దేశాలు కలిసి బ్రహ్మర్షి దేశమని మనుస్మృతి తెలుపుచున్నది.

ఈ జనపదం నేటి రాజస్థాన్ రాష్ట్రంలో జైపూర్, అల్వార్, భరత్‌పూర్ పరిసర ప్రాంతాలలో ఉండెడిది. దీని రాజధాని విరాటనగరం. జైపూరుకు ఉత్తర దిక్కున గల బైరాట్ అను ఊరే ఆ నగరమని చరిత్రకారులు గుర్తించినారు. ప్రస్తుతం ఆ ఊరికి విరాట్‌నగర్ అనియే వ్యవహారం. ఇచ్చట అశోకుని శాసనాలు లభించినవి. వాటిలో 1840లో కనుగొనబడిన శాసనంలో అశోకుడు బౌద్ధ సంఘానికి నమస్కరించి, భిక్షువులు, ఉపాసకులు తరచు వినవలసిన ధర్మగ్రంథాల పేర్లను చెప్పినాడు. ఈ శాసనశిల కోల్‌కతాలోని ఏషియాటిక్ సొసైటీలో భద్రపరచబడి ఉన్నది. బైరాట్ కొండపై వృత్తాకారపు బౌద్ధాలయ శిథిలాలు కూడ కలవు.

ఈ దేశానికి చేప పేరు ఎట్లు వచ్చినదో వేదవాఙ్మయం చెప్పదు. ఈ ప్రాంతం సముద్రానికి దూరమైనది, నీరు తక్కువైన నేల. మత్స్య అనునది మొదట ఒక జనసమూహపు పేరు, తరువాత వారు నివసించిన భూమికి పేరు అయినది. రాజస్థాన్‌లో నేడు పెద్ద సంఖ్యలో ఉన్న మీణా తెగవారు తాము ఆ ప్రాచీన మత్స్యుల సంతతివారమని సంప్రదాయంగా చెప్పుకొందురు.

విరాటుని కొలువు

తెలుగువారికి మత్స్యదేశమనగానే స్ఫురించునది విరాటపర్వం. మహాభారతంలో ఇది నాలుగవ పర్వం. పాండవులు పన్నెండేండ్ల అరణ్యవాసం తరువాత ఒక సంవత్సరం అజ్ఞాతవాసం చేసినది మత్స్యరాజైన విరాటుని కొలువులోనే. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలునిగా, అర్జునుడు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా ఆ నగరంలో దాగి ఉన్నారు. విరాటుని కుమార్తె ఉత్తర అభిమన్యుని వివాహమాడినది. వారి కుమారుడు పరీక్షిత్తు.

నన్నయ రెండున్నర పర్వాలు రచించి విడిచిన భారతాన్ని 13వ శతాబ్దంలో తిక్కన చేపట్టినప్పుడు తన రచనను ఈ విరాటపర్వంతోనే ఆరంభించినాడు. వానలు లేనప్పుడు ఊరిలో విరాటపర్వం చదివించిన వర్షం పడునని తెలుగు పల్లెలలో నమ్మకం కలదు. ఎక్కడో రాజస్థాన్‌లో ఉన్న మత్స్యదేశం మన పల్లెలలో స్వంత దేశం వలె పరిచితమగుటకు ఈ పఠనాలే కారణం.

విరాటనగరం తమదేనని చెప్పుకొను ఊళ్ళు భారతదేశంలోను, వెలుపల కూడ కలవు. కర్ణాటకలోని హానగల్, నేపాల్‌లోని విరాట్‌నగర్ అట్టివే. అయితే చారిత్రక మత్స్య జనపదం విషయంలో బైరాట్ గుర్తింపే పండితుల ఆమోదం పొందినది.

మత్స్యరాజు, మత్స్యగంధి

మహాభారతం ఆదిపర్వంలో మత్స్య అను పేరు గల ఒక రాజు జన్మకథ ఉన్నది. అద్రిక అను అప్సరస శాపవశాన చేపయై యమునానదిలో సంచరించుచుండగా, ఉపరిచర వసువు తేజస్సు వలన ఆమె గర్భవతి అయినది. జాలరులు ఆ చేపను పట్టి కోయగా, కడుపులో ఒక మగబిడ్డ, ఒక ఆడబిడ్డ కనిపించినారు. మగబిడ్డను వసువు స్వీకరించగా, అతడు మత్స్యుడను రాజైనాడు. దాశరాజు పెంచుకొన్న ఆడబిడ్డ సత్యవతి. ఆమె శరీరం నుండి చేపల వాసన వచ్చుట చేత మత్స్యగంధి అయినది. పరాశరుని వరం చేత ఆ వాసన పోయి యోజనగంధి అయినది. ఆమెకు పరాశరుని వలన జన్మించినవాడే వ్యాసుడు. తరువాత ఆమె శంతనుని వివాహమాడి కురువంశానికి రాణి అయినది.

ఒడ్డాది మత్స్యవంశము

మధ్యయుగంలో ఉత్తరాంధ్రలో పాలించిన ఒక స్థానిక రాజవంశానికి కూడ మత్స్యవంశమని పేరు. వీరి రాజధాని ఒడ్డవాది, ఒడ్డాది అని శాసనాలలో కనిపించు ఊరు. ఇది నేటి అనకాపల్లి జిల్లాలోని వడ్డాది. వీరి చరిత్రకు ముఖ్యాధారం దిబ్బిడ తామ్రశాసనం. మత్స్యవంశీయుడైన అర్జునుడు శక సంవత్సరం 1191, అనగా క్రీ.శ. 1269లో బ్రాహ్మణులకు అగ్రహారం దానం చేసిన సందర్భంలో దీనిని వేయించినాడు. సింహాచలం ఆలయ శాసనాలలో కూడ ఈ వంశం వారి ప్రస్తావనలు ఉన్నవి.

దిబ్బిడ శాసనం తమ వంశోత్పత్తిని ఒక కథగా చెప్పుచున్నది. కశ్యప సంతతివాడైన నారంగ మహర్షి మత్స్యనదీ ప్రాంతంలో తపస్సు చేయుచుండగా, తపోభంగం కొరకు ఇంద్రుడు మంజుఘోష అను అప్సరసను పంపినాడు. ఆమె మహర్షి శాపం వలన ఆ నదిలో చేప అయినది. ఆ చేపకు పుట్టిన కుమారుడు సత్యమార్తాండుడు. ఉత్కళ ప్రభువైన జయత్సేనుడు తన కుమార్తె ప్రభావతిని అతనికి ఇచ్చి వివాహం చేసి, ఒడ్డవాది దేశాన్ని పాలించుటకు నియమించినాడు.

ఈ కథలో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, దీని పోలిక ఆదిపర్వంలోని అద్రిక కథతో స్పష్టంగా ఉన్నది. శాపగ్రస్త అయిన అప్సరస, నది, చేప, రాజగు బిడ్డ - అన్నియు అవే. తమ వంశానికి పురాణ గౌరవం కల్పించుటకు మధ్యయుగ రాజులు ఇట్టి కథలను శాసనాలలో చెక్కించుట పరిపాటి. రెండవది, ఈ కథ యమునా తీరాన జరగలేదు. తమ రాజ్యానికి దగ్గరగా పారు మత్స్యనది ఒడ్డున జరిగినది. వంశమూలం విరాటుడని గాక, ఆ నదిలోని చేప అని శాసనం చెప్పినది. కనుక ఈ వంశానికి పేరు రాజస్థాన్ నుండి రాలేదనియు, స్థానికంగా ఉన్న ఏరు నుండియే వచ్చినదనియు భావించుటకు అవకాశం కలదు.

మత్స్యగెడ్డ, మత్స్యగుండము

ఉత్తరాంధ్రలో కొండవాగును "గెడ్డ" అందురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు మన్యంలో పారు మత్స్యగెడ్డయే దిగువన మాచ్‌ఖండ్ నది అగును. ఇది మాడుగుల కొండలలో పుట్టి, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల నడుమ కొంత దూరం సరిహద్దుగా ప్రవహించి, డుడుమ జలపాతంగా దూకి, సీలేరుగా మారి శబరిలో కలియును. శబరి గోదావరిలో చేరును. పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల వైపు జలాపుట్ జలాశయపు నీరు మత్స్యగెడ్డలోనికి వెనుకకు వ్యాపించి ఉండును. అచ్చటి గిరిజనులు ఈ నీటిపై చేపలు పట్టుచు, ఆవలి ఒడ్డుకు నాటు పడవలపై రాకపోకలు సాగింతురు.

హుకుంపేట మండలం మఠం గ్రామం వద్ద ఈ ఏటిపై గల మడుగే మత్స్యగుండము. ఇచ్చట ఏటికి అడ్డముగా బండలు ఉన్నవి. నీరు బండల క్రింది బిలంలోనికి దూకి అదృశ్యమై, కొంత దూరం దిగువన మరల పైకి వచ్చును. పైకి వచ్చిన చోట ఏర్పడిన మడుగులో చేపలు గుంపులుగా తిరుగుచుండును. ఒడ్డున మత్స్యలింగేశ్వరస్వామి ఆలయం కలదు. మహాశివరాత్రికి ఇచ్చట ఉత్సవం జరుగును. మన్యంలోని గిరిజనులు పెద్ద సంఖ్యలో వచ్చి, మడుగులోని చేపలకు ఆహారం వేసి, భక్తితో నమస్కరింతురు. ఈ చేపలను పట్టుట నిషిద్ధం.

1907లో వెలువడిన విశాఖపట్టణం జిల్లా గెజిటీరులో డబ్ల్యు. ఫ్రాన్సిస్ ఈ మడుగును వర్ణించినాడు. మడుగులోనివి మహసీర్ జాతి చేపలని, అవి మచ్చికపడి మనుషుల చేతినుండి తిండి తినునని అందులో ఉన్నది. అప్పటికి ప్రచారంలో ఉన్న ఒక కథ కూడ అందు చేర్చబడినది. పెరికె ఎద్దులపై సరుకులు తోలుకొనిపోవు ఒక వర్తకుడు ఈ మడుగులోని చేపను పట్టి కూర వండినాడట. చేపల రాజు శపించగా అతడును, అతని ఎద్దులును రాళ్ళైపోయినవట. అచ్చటి బండలను చూపి ఈ కథ చెప్పెడివారు.

మాడుగుల సంస్థానాధీశులు ఈ చేపలను కాపాడెడివారు. తాము మత్స్యదేశ రాజుల సంతతివారమని వారు చెప్పుకొనెడివారు. చేప ఆకారపు రాతి సింహాసనంపై వారికి పట్టాభిషేకం జరిగెడిది. వారి ధ్వజంపై చేప చిహ్నం ఉండెడిది. వ్రాలుగా చేప బొమ్మను వాడెడివారు. దిబ్బిడ శాసనం నాటి కథ ఆరు శతాబ్దాల తరువాత కూడ ఆ కొండల అంచున జీవించియే ఉన్నదనుటకు ఇది నిదర్శనం.

మహసీర్ చల్లని, వేగంగా పారు నీటిలో పెరుగు చేప. దీనికి శుభ్రమైన నీరు, గులకరాళ్ళ అడుగు అవసరం. ఆనకట్టలు, నీటి కాలుష్యం, ప్రేలుడు పదార్థాలతో చేపలు పట్టుట వలన భారతదేశపు నదులలో మహసీర్ జాతులు పలుచోట్ల తగ్గిపోయినవి. దేవుని చేపలుగా ఎంచి విడిచిపెట్టిన ఇట్టి మడుగులు వాటికి ఆశ్రయాలుగా ఉండుటను దేశంలో మరికొన్ని చోట్ల కూడ శాస్త్రజ్ఞులు గుర్తించినారు. కర్ణాటకలోని శృంగేరిలో తుంగానది మెట్ల వద్ద, శిశిల గ్రామంలో కపిలానది ఒడ్డున గల ఆలయం వద్ద ఇదే పద్ధతిలో మహసీర్ చేపలు రక్షింపబడుచున్నవి. చట్టం లేని కాలంలో నమ్మకం చేసిన పని ఇది.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము

డుడుమ జలపాతం వద్ద నీటి పతనాన్ని ఉపయోగించుకొని మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఉమ్మడిగా చేపట్టిన పథకం ఇది. మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన తరువాత అది ఆంధ్ర, ఒరిస్సాల ఉమ్మడి పథకమైనది. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభమైనది. 17 మెగావాట్ల యంత్రాలు మూడు, 21.25 మెగావాట్ల యంత్రాలు మూడు కలిపి దీని స్థాపిత సామర్థ్యం 114.75 మెగావాట్లుగా నిర్ణయింపబడినది. ఎగువన కట్టిన జలాపుట్ ఆనకట్ట దీనికి నీటి నిల్వ కల్పించుచున్నది. తెలుగు జిల్లాలలో జలవిద్యుత్తుకు ఇది తొలినాటి పెద్ద ఆధారం. ఈ పథకం పేరులోని "మాచ్" చేపయే అని నేడు చాలామందికి తెలియదు.

ఈ పేరు గల, ఈ పేరును పోలిన ఇతర ప్రదేశాలు

మత్స్యపురి: పశ్చిమ గోదావరి జిల్లా వీరవాసరం మండలంలోని గ్రామం. చేపల చెరువులు విస్తారంగా గల డెల్టా ప్రాంతంలో ఈ ఊరు ఉన్నది. అయితే చెరువుల సాగు ఇటీవలి దశాబ్దాలలో విస్తరించినది. ఊరి పేరు అంతకు పూర్వపుది. కనుక పేరునకు చెరువులు కారణమని తలంచరాదు.

మచిలీపట్నం: కృష్ణా జిల్లా ముఖ్యపట్టణం, ప్రాచీన రేవు. పేరులోని "మచిలీ" హిందుస్తానీలోని చేప అను మాట అనియు, పూర్వం నగర ద్వారాన్ని పెద్ద చేప కన్నుతో అలంకరించినారనియు స్థానికంగా చెప్పుదురు. కాని ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అను గ్రీకు గ్రంథం ఈ తీరాన్ని మసాలియా అనియు, టాలెమీ మైసోలియా అనియు పేర్కొన్నారు. హిందుస్తానీ పుట్టుకకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ పేర్లు ఉన్నందున, మచిలీ అను రూపం పాత పేరుకు తరువాత కుదిరిన అర్థమని పలువురి అభిప్రాయం. ధ్వని పోలిక ఒక్కటే ఆధారంగా ఊరి పేరునకు అర్థం చెప్పరాదనుటకు ఇది మంచి ఉదాహరణ.

మత్స్య సమాఖ్య

స్వాతంత్ర్యానంతరం సంస్థానాల విలీనంలో భాగంగా అల్వార్, భరత్‌పూర్, ధోల్‌పూర్, కరౌలీ సంస్థానాలు కలిసి 1948 మార్చి 18న మత్స్య సమాఖ్యగా ఏర్పడినవి. ఆ ప్రాంతం ప్రాచీన మత్స్య జనపదానికి చెందినది కనుక ఈ పేరును కె.ఎం. మున్షీ సూచించినారు. కేంద్రమంత్రి ఎన్.వి. గాడ్గిల్ ప్రారంభోత్సవం చేసినారు. అల్వార్ రాజధాని అయినది. ధోల్‌పూర్ మహారాజు రాజప్రముఖ్‌గా, శోభారామ్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. 1949 మే 15న ఈ సమాఖ్య రాజస్థాన్‌లో విలీనమైనది. రెండు వేల ఏండ్లకు పైగా గ్రంథాలలో మాత్రమే ఉన్న పేరు ఆ విధంగా పధ్నాలుగు నెలలు రాజ్యాంగ వ్యవహారంలోనికి వచ్చి మరల చరిత్రలోనికి వెళ్ళినది. 2012లో అల్వార్‌లో స్థాపించిన విశ్వవిద్యాలయం పేరులో మత్స్య శబ్దం నేటికిని నిలిచి ఉన్నది.

మత్స్యావతారము, మత్స్యపురాణము

విష్ణుమూర్తి దశావతారాలలో మొదటిది మత్స్యావతారం. ప్రళయజలాలలో మనువు ఎక్కిన నావను ఒక చేప లాగి రక్షించిన కథ మొదట శతపథ బ్రాహ్మణంలో కనిపించును. అచ్చట ఆ చేప విష్ణువని చెప్పబడలేదు. తరువాతి పురాణాలలో అది విష్ణువు అవతారమైనది. భాగవతంలో మనువు స్థానంలో సత్యవ్రతుడను ద్రవిడ రాజర్షి కనిపించును.

మత్స్యపురాణం అష్టాదశ మహాపురాణాలలో ఒకటి. మత్స్యరూపుడైన విష్ణువు మనువునకు ఉపదేశించినట్లుగా ఇది సాగును. వంశచరిత్రలు, తీర్థమాహాత్మ్యాలు, దానధర్మాలతో పాటు ఆలయ నిర్మాణం, విగ్రహ లక్షణాలు కూడ ఇందులో వివరింపబడినవి. ఆంధ్ర శాతవాహన రాజుల వరుస ఇందు ఇవ్వబడినందున తెలుగువారి చరిత్ర రచనలో ఈ పురాణానికి ప్రత్యేక స్థానం కలదు.

మత్స్యరూపుడైన విష్ణువునకు ఆలయాలు అరుదు. తిరుపతి జిల్లా నాగలాపురంలోని వేదనారాయణస్వామి ఆలయం వాటిలో ప్రసిద్ధమైనది. మూలవిరాట్టు నడుము పైభాగం విష్ణురూపంలోను, క్రింది భాగం చేప రూపంలోను ఉండును. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి పేరిట ఈ ఊరిని అభివృద్ధి చేసినాడని ప్రతీతి. ప్రతి సంవత్సరం మార్చి నెలలో కొన్ని రోజులు సాయంత్రపు సూర్యకిరణాలు స్వామి పాదాల నుండి క్రమంగా శిరస్సు వరకు ప్రసరించును. దీనిని సూర్యపూజగా జరుపుదురు. ఈ ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలో ఉన్నది.

మత్స్యేంద్రనాథుడు, మత్స్యాసనము

నాథ సంప్రదాయంలో ఆదిగురువులలో ఒకడు మత్స్యేంద్రనాథుడు. గోరక్షనాథుడు ఇతని శిష్యుడు. ఇతనికి మీననాథుడు, మచ్ఛేంద్రుడు అను పేర్లు కూడ కలవు. శివుడు పార్వతికి యోగం ఉపదేశించుచుండగా చేప కడుపులో ఉండి ఇతడు దానిని విన్నాడని కథ. నేపాల్‌లోని పాటన్ నగరంలో రాతో మచ్ఛీంద్రనాథ రథోత్సవం ప్రసిద్ధం. అచ్చట ఇతనిని వర్షాన్ని ప్రసాదించు దేవతగా కొలుతురు. తెలుగులో 15వ శతాబ్దపు కవి గౌరన నవనాథచరిత్ర అను ద్విపద కావ్యాన్ని రచించి నాథయోగుల కథలను మనకు అందించినాడు.

యోగాభ్యాసకులు మత్స్యాసనం, మత్స్యేంద్రాసనం అను రెంటిని ఒకటిగా పొరబడుట కలదు. మత్స్యాసనం వెల్లకిల పరుండి, ఛాతీని పైకెత్తి వేయునది. దీనికి చేప పేరు పెట్టబడినది. మత్స్యేంద్రాసనం కూర్చుండి వెన్నెముకను ప్రక్కకు త్రిప్పునది. దీనికి యోగి పేరు పెట్టబడినది. దీనిలోని సులభరూపం అర్ధమత్స్యేంద్రాసనం.

మత్స్యన్యాయము, మత్స్యయంత్రము

పెద్ద చేప చిన్న చేపను మ్రింగునట్లు బలవంతుడు బలహీనుని కబళించుట మత్స్యన్యాయం. దండనీతి లేని దేశంలో ఈ స్థితి ఏర్పడునని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో హెచ్చరించినాడు. బెంగాల్ పాలవంశపు రాజైన ధర్మపాలుని ఖాలింపూర్ తామ్రశాసనం ఈ మాటను చరిత్రలోనికి తెచ్చినది. మత్స్యన్యాయాన్ని తొలగించుటకై అతని తండ్రి గోపాలుని ప్రజాముఖ్యులు రాజుగా చేసినారని అందున్నది. ఇది 8వ శతాబ్దం నాటి సంగతి.

మత్స్యయంత్రం ద్రౌపదీ స్వయంవర కథ వలన ప్రసిద్ధి పొందినది. పైన తిరుగు చేపబొమ్మను క్రింద నీటిలోని ప్రతిబింబం చూచి కొట్టుట అను రూపంలో ఈ కథ హరికథల ద్వారా, నాటకాల ద్వారా తెలుగువారందరికీ తెలియును. సాధింపరాని పనిని సాధించినవారిని "మత్స్యయంత్రం కొట్టినాడు" అనుట వాడుక.

మత్స్య 6000

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన మానవసహిత జలాంతర్వాహనం ఇది. 2021లో ఆరంభమైన సముద్రయాన్ పథకంలో ఇది భాగం. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతునకు తీసుకొనిపోవుట దీని లక్ష్యం కనుక పేరులో ఆ సంఖ్య చేరినది. మనుషులు కూర్చుండుటకు 2.1 మీటర్ల వ్యాసం గల టైటానియం గోళం రూపకల్పన చేయబడినది. సాధారణంగా 12 గంటలు, అత్యవసర స్థితిలో 96 గంటలు లోపలివారు జీవించుటకు తగిన ఏర్పాట్లు ఇందులో ఉండును. 6,000 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి భూమిపై గాలి ఒత్తిడికి సుమారు 600 రెట్లు. అందువలన గోళం గోడ 80 మిల్లీమీటర్ల మందంతో ఉద్దేశింపబడినది. 2025 జనవరి, ఫిబ్రవరి నెలలలో చెన్నై సమీపాన కాట్టుపల్లి రేవులో దీనిని నీటిలో పరీక్షించినారు.

తరచు జరుగు పొరపాట్లు

* విరాటుని మత్స్యదేశం రాజస్థాన్‌లోనిది. ఒడ్డాది మత్స్యవంశం ఉత్తరాంధ్రలోనిది. రెండింటి నడుమ వెయ్యేండ్లకు పైబడిన కాలభేదం ఉన్నది.
* మత్స్య జనపదం, మత్స్య సమాఖ్య ఒకే ప్రాంతానికి చెందినవి. కాని మొదటిది ప్రాచీన రాజ్యం, రెండవది 1948 - 1949 నాటి సమాఖ్య.
* మత్స్యగెడ్డ, మాచ్‌ఖండ్ అనునవి ఒకే నదికి ఎగువన, దిగువన గల పేర్లు.
* మత్స్యాసనం చేప పేరిటిది. మత్స్యేంద్రాసనం యోగి పేరిటిది.
* మచిలీపట్నం పేరునకు చేపతో గల సంబంధం నిర్ధారితం కాదు.

విశేషము

పైన చెప్పిన వాటిలో చాలావాటికి చేపతో గల సంబంధం కథలోనిదో, పోలికలోనిదో, గౌరవార్థం పెట్టినదో మాత్రమే. మత్స్య సమాఖ్య ఏర్పడిన నేలపై మత్స్యమనునది చరిత్రస్మృతి. మత్స్య 6000 ఒక లోహపు వాహనం. మత్స్యన్యాయం ఒక ఉపమానం. పేరు పెట్టుటకు కారణమైన చేప నేటికిని నీటిలో తిరుగుచు కనిపించు చోటు మత్స్యగుండం ఒక్కటే. అచ్చట చేప వలన మడుగుకు పేరు వచ్చినది. ఆ పేరు వలన, దాని వెంట వచ్చిన భయభక్తుల వలన చేప బ్రతికినది. రాజవంశం పోయినది, సంస్థానం పోయినది, రాతి సింహాసనం మీద కూర్చుండువారు లేరు. రక్షణ భారం ఇప్పుడు ఆ ఒడ్డున ఉండు గిరిజనుల మీద, శివరాత్రికి వచ్చు యాత్రికుల మీద ఉన్నది. మడుగుకు వెళ్ళువారు ప్లాస్టిక్ సంచులు, పూజా వ్యర్థాలు నీటిలో వేయక తిరిగి తెచ్చుకొన్నచో, ఆ పేరునకు అర్థం నిలుచును. ఒకవేళ చేపలే లేకుండపోయినచో మత్స్యగుండం కూడ ఈ జాబితాలో పేరు మాత్రమే మిగిలిన మరియొక ప్రదేశమగును.

ఇవి కూడ చూడండి

* షోడశ మహాజనపదాలు
* విరాటపర్వము
* మాడుగుల
* సీలేరు నది
* దశావతారములు
* మీనరాశి